ఓనర్ కమ్ డ్రైవర్‌కి ఇంటి రోజుల లెక్క: బండీ నడవాలి, ఇల్లూ నడవాలి

నాది పదిచక్రాల లారీ. ఇల్లు చెన్నైలో రెడ్‌హిల్స్ దగ్గర, సొంతూరు నెల్లూరు పక్కన. బండి కొన్న మొదటి రెండేళ్లు ఇంట్లో నా బట్టలకి బీరువాలో ఒక అర కూడా లేదు. మా ఆవిడ ఉతికి, మడతపెట్టి, మళ్లీ అదే ప్రయాణం సంచిలో సర్దేసేది. ఎల్లుండి ఎలాగూ వెళ్లిపోయే మనిషికి బీరువా ఎందుకని ఆవిడ లెక్క. ఆ సంచి తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉండేది. జీతానికి నడిపిన రోజుల్లో నెలకి నాలుగైదు రోజులు ఇంట్లో ఉండేవాణ్ణి, ఓనర్ అయ్యాక అది రెండుకి పడిపోయింది. పోనీ డబ్బులేమైనా పోగయ్యాయా అంటే అదీ లేదు.

ఇప్పుడు నెలకి ఎనిమిది రోజులు ఇంట్లో ఉంటున్నాను, ఈఎంఐ తప్పలేదు. ఇందులో కిటుకేమీ లేదు, లెక్క వేసే పద్ధతి మార్చానంతే. ఒక్క బండి ఉండి, స్టీరింగ్ తనే పట్టుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఐదారు బండ్లున్న ఓనర్ల తలనొప్పులు వేరు, వాళ్లకి ఇది పెద్దగా పనికిరాదు. కింద అంకెలన్నీ నా నోట్‌బుక్కులోవి, మీ బండికి మీ అంకెలు వేసుకోండి.

1. నిలబడ్డ బండి రోజుకి ఎంత తింటోందో తెలుసుకోండి

చక్రం తిరగకపోయినా పడే ఖర్చులు ఒక కాగితం మీద రాయండి. నాకు ఈఎంఐ 41,000. ఇన్సూరెన్స్ నెలకి పంచితే 5,500. నేషనల్ పర్మిట్ (ఏడాదికి 16,500), రోడ్ ట్యాక్స్, ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అన్నీ కలిపి నెలకి 3,500. పార్కింగ్, ఫోను, చిల్లర మల్లర 2,000. మొత్తం 52,000. ఇంటి ఖర్చు, అద్దె, పాప స్కూల్ ఫీజు అన్నీ కలిపి 36,000. రెండూ కలిపితే నెలకి 88,000.

డీజిలు, టోలు, టైర్లు ఇందులో కలపకండి. అవి కిలోమీటర్ లెక్కలోకి వస్తాయి. ఈ రెండూ కలిపేసి “నెలకి ఇంత వచ్చింది, ఇంత పోయింది” అని రాసుకున్నంత కాలం నాకు ఏదీ అర్థం కాలేదు.

2. ఇంటి రోజులు ముందు రాసుకోండి, మిగిలినవాటితో భాగించండి

మనలో చాలామంది చేసేది తలకిందుల పని. ట్రిప్పులు అయ్యాక మిగిలితే ఇంటికి పోదాం అనుకుంటాం. మిగలవు, ఎప్పటికీ మిగలవు, ఎందుకంటే బ్రోకర్ దగ్గర లోడు అయిపోవడమంటూ ఉండదు కదా. అందుకే నెల మొదట్లోనే క్యాలెండర్ మీద ఇంటి రోజులకి సున్నా చుట్టేయండి.

నేను ఎనిమిది చుట్టాను, పనికి 22 రోజులు మిగిలాయి. 88,000ని 22తో భాగిస్తే 4,000. అంటే ఇల్లు వదిలిన ప్రతి రోజూ, దారి ఖర్చులన్నీ పోను, నాకు నాలుగు వేలు మిగలాలి. ఇంట్లో నాలుగు రోజులే ఉంటానంటే 26 రోజులు, అప్పుడు రోజుకి 3,385 చాలు. తేడా 615. నాలుగు ఇంటి రోజుల అసలు ధర నాకు ఇదే, బయట ఉన్న ప్రతి రోజూ ఇంకో ఆరువందలు ఎక్కువ తేవడం. ఇది చూశాక నాకు సగం టెన్షన్ పోయింది. ఆరువందలంటే మంచి రిటర్న్ లోడు పట్టుకుంటే వచ్చేదే.

3. బాడుగని కిలోమీటర్లతో కాదు, రోజులతో కొలవండి

అసలు విషయం ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు కిలోమీటర్ ఖర్చు. లోడు మీద నా బండి లీటరుకి నాలుగు ఇస్తుంది. డీజిలు 93 వేసుకుంటే కిలోమీటర్‌కి 23 పైచిలుకు. యాడ్‌బ్లూ (పొగ శుభ్రం చేయడానికి పోసే ద్రావణం) ఒక రూపాయి, టోలు ఆరు, టైర్లు మూడు, ఆయిలూ గ్రీసూ కమాన్ పట్టీలూ లైనర్లూ అన్నీ కలిపి ఇంకో రెండున్నర. మొత్తం 36 అని పెట్టుకున్నాను.

ఇప్పుడు రెండు ట్రిప్పులు పక్కపక్కన పెడదాం. చెన్నై నుంచి రాయపూర్ పోనురాను దాదాపు 2,400 కిలోమీటర్లు. పోయేటప్పుడు 58,000, వచ్చేటప్పుడు ఇనుము వేసుకొస్తే 64,000, మొత్తం 1,22,000. లక్ష దాటిన అంకె చూస్తే ఎవడికైనా నోరూరుతుంది. ఖర్చు 86,400, తిండి, మామూళ్లు, టార్పాలిన్ కట్టుకూలీ ఇంకో 6,000. మిగిలింది 29,600. పట్టింది పదకొండు రోజులు. రోజుకి 2,690.

చెన్నై నుంచి విజయవాడ పోనురాను 900. పోను 26,000, రాను 21,500, మొత్తం 47,500. ఖర్చు 32,400, పైన 3,000. మిగిలింది 12,100. మూడు రోజుల్లో ఇంట్లో ఉన్నాను, రోజుకి 4,033.

చేతికొచ్చింది చూస్తే రాయపూర్‌దే పెద్దది, రోజు లెక్కలో అది నాకు తక్కువ పడింది. ఇదే విజయవాడ ట్రిప్పు నాలుగు రోజులు పడితే 3,025కి జారిపోతుంది. అంటే మన సంపాదనని మింగేది దూరం కాదు, ఎదురుచూపు.

రాయపూర్‌లో నేను నిజంగా స్టీరింగ్ మీద ఉన్నది ఐదు రోజులే. మిగతా ఆరు రోజులు ఎక్కడికి పోయాయో తెలియాలంటే ప్రతి ట్రిప్పుకీ ఐదు టైములు రాయండి: ఇంట్లోంచి బయల్దేరింది, లోడు పడింది, అన్‌లోడింగ్ గేటుకి చేరింది, ఖాళీ అయ్యింది, మళ్లీ ఇంటికొచ్చింది. పది ట్రిప్పులు రాశాక ఏ ఫ్యాక్టరీ మీ రోజులు తింటోందో, ఏ ఊళ్లో రిటర్న్ లోడు దొరకదో మీకే కనిపిస్తుంది. నేను అలా చూసి రెండు గోడౌన్లకి లోడు ఎత్తడం మానేశాను, బాడుగ బాగానే ఇచ్చేవాళ్లు కూడా.

4. వెయిటింగ్ రోజుని పట్టుకోండి

వెయిటింగ్ రోజంటే అటు సంపాదనా కాదు, ఇటు ఇల్లూ కాదు. బండి కింద చాప పరుచుకుని ఫోను చూస్తూ పడుకోవడం. దీనికి నేను మూడు పనులు చేస్తాను.

మొదటిది, హాల్టింగ్ మాట, అంటే బండిని ఆపి ఉంచినందుకు ఇచ్చే డబ్బు సంగతి, లోడు పడకముందే అనుకోవడం. నోటిమాటగా కాదు, వాట్సాప్‌లో రాసి పార్టీ (సరుకు పంపేవాళ్లు) చేత “ఓకే” పెట్టించుకోవాలి: గేటుకి చేరిన 24 గంటల వరకు ఫ్రీ, ఆ తర్వాత రోజుకి 2,500. గేటు ఎంట్రీ స్లిప్పు టైముతో సహా ఫొటో తీసి అప్పుడే పంపేయండి. స్లిప్పు ఇవ్వకపోతే గేటు ముందు బండి నంబరు కనిపించేలా ఒక ఫొటో. ఒకసారి ఒక కంపెనీ గోడౌన్ ముందు మూడు రోజులు ఉన్నాను, చివర్లో హాల్టింగ్ అడిగితే “మీరు నిన్ననే వచ్చారుగా” అన్నాడు అక్కడి సూపర్‌వైజర్. నా దగ్గర కాగితం లేదు. ఆ రోజు నుంచి ఫొటో తీయకుండా ఇంజిన్ కూడా ఆపను. ఇంకో మాట, హాల్టింగ్ డబ్బు వచ్చినా నాకు నష్టమే, ఎందుకంటే నా రోజు 4,000, వాళ్లిచ్చేది 2,500. అది సంపాదన కాదు, వాళ్లని తొందరపెట్టే ముల్లుకర్ర.

ఎదురుచూసేటప్పుడు ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం) గడువు కూడా చూసుకోండి. 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున ఇస్తారు, గడువు ముగిసే ముందు 8 గంటలు, ముగిశాక 8 గంటలలోపే పొడిగించుకోవాలి. ఈ సంగతి పార్టీకి గుర్తుండదు, మనమే ఫోన్ చేసి చెప్పాలి.

రెండోది, రిటర్న్ లోడు కోసం ఎంతసేపు ఆగాలో ముందే గీత గీసుకోవడం. బ్రోకర్ ఎప్పుడూ ఒకటే మాట: “అన్నా, ఈరోజు 18 వేలదే ఉంది, రేపు ఆగితే 20 పైన ఇప్పిస్తా.” ఇంతకుముందు ఆగేవాణ్ణి. ఇప్పుడు ఒకటే లెక్క. రేపటి బాడుగ ఈరోజుదానికన్నా నాలుగు వేలకి పైగా ఎక్కువైతేనే ఆగుతాను. రెండు మూడు వేల కోసం ఆగితే చేతినుంచి పెట్టుకున్నట్టే, పైగా ఆ రోజు ఇంటి రోజుల్లోంచి పోతుంది. రేపు అన్నది ఎల్లుండి అవ్వడం మీకు చెప్పక్కర్లేదు.

మూడోది, ఎక్కడా ఏమీ దొరక్కపోతే ఖాళీగానైనా ఇంటి వైపే జరగడం. విజయవాడలో లోడు లేకపోతే గుంటూరు మిర్చి, ఒంగోలు దగ్గర చీమకుర్తి గ్రానైట్, నెల్లూరులో బియ్యం ఉంటాయి, రెడ్‌హిల్స్ రైస్ మిల్లుల వాళ్లకి ఆ దారిలో సరుకు వస్తూనే ఉంటుంది. వంద కిలోమీటర్లు ఖాళీగా జరిగితే డీజిలు, టోలు కలిపి మూడు వేలు దాటదు, ఒక రోజు ధరకన్నా తక్కువే.

5. “లోకల్” అన్న మాటకి మోసపోకండి

ఇంటికి దగ్గర ఉండాలని చాలామంది హార్బర్ కంటైనర్ల వైపు చూస్తారు. నేనూ ఒక ఫ్రెండు ట్రైలర్ మీద నాలుగు నెలలు చేశాను. ఎన్నూరు రోడ్డు మీద క్యూలో నిలబడి చూస్తే తెలుస్తుంది. ఇల్లు పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది, కానీ బండి వదిలి పోలేం, క్యూ ఎప్పుడు కదులుతుందో తెలియదు, రాత్రి క్యాబిన్‌లోనే. పగలు సిటీలోకి పెద్ద బండ్లని రానివ్వరు కాబట్టి పనంతా రాత్రే, పగలు ఇంటికొచ్చి పడుకుంటే పాప స్కూల్లో ఉంటుంది. పేరుకి రోజూ ఇంట్లోనే ఉన్నట్టు, మనిషిని మాత్రం ఎవరూ చూడరు. మీకు అది కుదిరితే సరే. నాకు మాత్రం మూడు రోజులు బయట ఉండి, ఒకటిన్నర రోజు నిజంగా ఇంట్లో ఉండడమే నయం.

రూటు విషయంలో నా సలహా 350 నుంచి 650 కిలోమీటర్ల దూరాలు. చెన్నై నుంచి బెంగళూరు, విజయవాడ, హైదరాబాద్ ఈ లెక్కలోకి వస్తాయి. ఒకటి రెండు రూట్లే పట్టుకుని ఉంటే లోడింగ్ క్లర్క్ నుంచి హమాలీ మేస్త్రీ వరకు ముఖం తెలుస్తుంది. ముఖం తెలిసిన బండి క్యూలో కాస్త ముందుకి జరుగుతుంది, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

6. నెల కాదు, ఏడాది చూసి పంచుకోండి

నెలకి ఎనిమిది అన్నాను గానీ ప్రతి నెలా సరిగ్గా ఎనిమిది రావు. మార్చి చివర్లో కంపెనీలు ఏడాది లెక్కలు మూసే తొందరలో సరుకు తోసేస్తాయి, దీపావళి ముందు కూడా బండ్లకి గిరాకీ. ఆ నెలల్లో నేను ఐదు రోజులతో సరిపెట్టుకుంటాను, బాడుగ గట్టిగా అడుగుతాను. ఎండాకాలంలో గుంటూరు మిర్చి యార్డుకి సెలవులిచ్చినప్పుడు, వానలకి అన్‌లోడింగ్ ఆగినప్పుడు, ఆ రోజుల్ని ఇంటికి మళ్లిస్తాను.

సంక్రాంతికి మాత్రం గట్టి నియమం ఉంది. జనవరి 10 దాటాక దూరం లోడు ఎత్తను. భోగికి ముందే హమాలీలు ఊళ్లకి వెళ్లిపోతారు, ఆ రోజుకి గోడౌన్ బయట ఇరుక్కుంటే కనుమ దాటేదాకా తార్పాలిన్ విప్పేవాడు ఉండడు. ఒక ఏడాది నేను అరిసెలు తిన్నది పెట్రోల్ బంకులో, పక్క బండి డ్రైవర్ వాళ్లింట్లో కట్టిచ్చిన డబ్బాలోంచి.

ఎఫ్‌సీ, బాడీ పెయింటు, పట్టీల పని కూడా లోడు డల్‌గా ఉన్నప్పుడే పెట్టుకోండి. బండికి ఎనిమిదేళ్లు దాటితే ఎఫ్‌సీ ఏటేటా, దానికి వారం పోతుంది. కానీ ఆ వారాన్ని ఇంటి రోజుల్లో రాయకండి. పొద్దున్నే షెడ్డుకెళ్లి రాత్రి గ్రీసు చేతులతో వచ్చే మనిషి ఇంట్లో ఉన్నట్టు కాదని మా ఆవిడ కచ్చితంగా చెప్పేసింది, నేనూ వాదించలేదు.

7. యాక్టింగ్ డ్రైవర్

నెలకి ఒక ట్రిప్పు యాక్టింగ్ డ్రైవర్‌కి, అంటే మన బదులు తోలే మనిషికి ఇస్తే మూడు రోజులు ఇంట్లో ఉండొచ్చు. జీతం, బత్తా పోను ట్రిప్పుకి ఐదారు వేలు మిగులుతాయి, మైలేజీ కొంచెం పడిపోతుంది. కానీ మొదటిసారి మీరు పక్కన కూర్చుని ఒక ట్రిప్పు వేయాల్సిందే. హెవీ లైసెన్స్ గడువు కాగితం మీద కాదు, ప్రభుత్వ పరివాహన్ సైట్‌లో చూడండి. లైసెన్స్ చెల్లకపోతే యాక్సిడెంట్ క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ కంపెనీ అక్కడే పట్టుకుంటుంది. అడ్వాన్స్ డబ్బు మొత్తం చేతికివ్వకండి, డీజిలు బంకులో మీరే ఫోన్‌లో కట్టండి. నమ్మకం లేక కాదు, రేపు లెక్క తేడా వస్తే ఇద్దరికీ మాట పడకుండా.

8. ఒక్క ఓవర్‌లోడు వేస్తే రెండు రోజులు ఇంట్లో ఉండొచ్చు కదా?

అందరికీ వచ్చే ఆలోచనే. పదిచక్రాల బండికి 2018లో మొత్తం బరువు (బండి, సరుకు కలిపి) 25 టన్నుల నుంచి 28.5కి పెంచారు, అది దాటితే 20,000 జరిమానా, పైన ప్రతి టన్నుకీ 2,000. మూడు టన్నులు ఎక్కువేసి దొరికితే 26,000, అంటే నాకు ఆరున్నర రోజులు. ఎక్కువైన సరుకు దింపేదాకా బండి కదలనివ్వరు కూడా. కాటా వేయించుకునే కదలండి.

9. బ్యాలెన్స్ డబ్బు కోసం తిరగడం కూడా రోజుల లెక్కే

పీఓడీ (సరుకు అందిందని ముద్ర వేసిచ్చే కాగితం) పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగితే ఇంటి రోజు గోవిందా. అన్‌లోడ్ అవ్వగానే ముద్ర వేసిన కాగితాన్ని స్కాన్ చేసి పంపండి, ఒరిజినల్ కొరియర్‌లో వేయండి. చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ సైట్‌లో ఉచితంగా రిజిస్టర్ చేసుకోండి. చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతుంది, ఆ నంబరు బిల్లు మీద కనిపిస్తే అకౌంట్స్ వాళ్లు కాస్త కదులుతారు. పదికి మించి బండ్లు లేని ట్రాన్స్‌పోర్టర్ పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే బాడుగలో టీడీఎస్ (ముందే కోసుకునే ఇన్‌కమ్ ట్యాక్స్) పట్టుకోరు, అదీ ఇచ్చేయండి.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మనం 44ఏఈ అని పిలుచుకునే పద్ధతిలో పెద్ద బండికి టన్నుకి నెలకి వెయ్యి చొప్పున ఆదాయం వేస్తారు, నా బండికి 28,500. బండి నెలంతా ఇంటి ముందు నిలబడ్డా అంతే, రోజుకి పద్దెనిమిది గంటలు తోలినా అంతే. కాబట్టి ఇంట్లో ఉంటే పన్ను కలిసొస్తుందేమో అని చూడకండి, ఆ లెక్కలో తేడా ఏమీ రాదు.

10. ఇంటికి చేరే వేళ

చట్టం ప్రకారం డ్రైవర్‌కి రోజుకి 8 గంటలు, వారానికి 48. ఓనర్ కమ్ డ్రైవర్‌ని అడిగేవాడు లేడు కాబట్టి మనమే మనల్ని ఎక్కువ పీడిస్తాం, అందులోనూ ఇంటి వైపు తిరిగినప్పుడు. మా బామ్మర్ది కొడుకు పుట్టువెంట్రుకలకి అందుకోవాలని ఒకసారి ఒంగోలులో రాత్రి పదింటికి బయల్దేరాను. గూడూరు దాటాక రోడ్డు పక్క గరుకు గీతల మీద టైర్లు గరగరమంటే మెలకువొచ్చింది. మెలకువొచ్చింది అంటున్నానంటే అర్థం చేసుకోండి. పక్కకి తీసి ఆపి, తెల్లారేదాకా కదల్లేదు, ఫంక్షన్‌కి భోజనాల టైముకి చేరాను. రాత్రి రెండు నుంచి ఐదు వరకు బండి ఆపడం ఇప్పుడు నా రూలు. ట్రిప్పు రోజులు లెక్కేసేటప్పుడే ఆ మూడు గంటలు కలిపేస్తాను.

ఇంటికి చేరడం సాయంత్రం పడేలా బయల్దేరండి. పొద్దున్నే చేరితే మాధవరంలో బండి పెట్టి, ఇంటికొచ్చి పడుకుని లేచేసరికి ఆ రోజు అయిపోతుంది. సాయంత్రం చేరితే రాత్రి అందరితో తిని పడుకుని, మర్నాడు పూర్తి రోజు చేతిలో ఉంటుంది. బ్రోకర్లకి రోజుకి రెండు గంటలే చెప్పాను, పొద్దున పది నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి ఆరు. మొదట్లో ఇద్దరు అలిగారు, ఒకడు తిరిగొచ్చాడు.

చివరిగా చిన్న పని ఒకటి. ఫాస్టాగ్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు మార్చి మీ ఆవిడది పెట్టండి. రీచార్జి ఆవిడే చూసుకుంటుంది, టోల్ దాటిన ప్రతిసారీ మెసేజ్ ఆవిడకే పోతుంది, “ఎక్కడున్నావు” అని నడుపుతుండగా ఫోన్ రాదు. నెల్లూరు వైపు నుంచి ఇంటికొచ్చే దారిలో బూదనం టోల్ మెసేజ్ వస్తే మా ఆవిడ పాపకి చెప్తుంది, సూళ్లూరుపేట వస్తే కూర పొయ్యి మీద పెడుతుంది, నల్లూరు వస్తే కుక్కర్. ఒకసారి నల్లూరు టోల్‌లో ట్యాగ్ స్కాన్ కాలేదు, రెండింతలు క్యాష్ కట్టి బయటపడ్డాను. ఇంటికెళ్లేసరికి అన్నం లేదు. “నువ్వింకా సూళ్లూరుపేటలోనే ఉన్నావుగా” అంది.